కల్లం దగ్గర గాలికి ఉన్న పేర్లు

మొన్న పొద్దున పేపరులో ఒక చిన్న వార్త చదివాను. కొంగరకలాన్ వైపు ప్లాట్లు అమ్మేవాళ్ళు కట్టిన పెద్ద ఫ్లెక్సీ ఈదురుగాలులకు ఒరిగి రోడ్డు మీద పడిందట. యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని, పేపరు ఇప్పటికీ మాటమాటకూ ఆగి చదువుతాను. ఈదురుగాలి అన్న మాట దగ్గరా అలాగే ఆగాను. అంతకుముందు సాయంత్రం ఆ గాలే ఇబ్రహీంపట్నంలో మా ఇంటి మీదుగానూ పోయింది. అందులో చలి లేదు, వాన వాసన లేదు, ఒక్క ఊపున వచ్చి బట్టల తీగ తెంపి వెళ్ళిపోయింది. మా మేనత్త బతికి ఉంటే దాన్ని ఈదురుగాలి అని ఒప్పుకునేది కాదు, విసురు అనేది.

భర్త పోయాక పుట్టింటికి వచ్చి మా సేద్యమంతా తన చేతుల్లోకి తీసుకున్న మనిషి ఆమె. వడ్లు తూర్పార పట్టే రోజుల్లో ఆమె కల్లంలో పీట ఎక్కి, చేట నిండా వడ్లు తలకన్నా ఎత్తుకు లేపి, గాలి కోసం నిలబడేది. చేట వంచితే గింజ నిలువునా కిందపడాలి, తాలు పక్కకు ఎగిరిపోవాలి. అందుకు నిలకడగా ఒక దిక్కు నుంచే వీచే గాలి కావాలి. ఉన్నట్టుండి కొట్టి ఆగిపోయేది విసురు. అది గింజనూ తాలునూ కలిపి ఎత్తుకుపోతుంది. మట్టి లేపుకుంటూ వచ్చేది దుమారం, ఉన్నచోటే గిరగిరా తిరిగేది సుడి, మధ్యాహ్నం మొహాన కొట్టేది ఉడుకుగాలి, వానను వెంటబెట్టుకొచ్చేది ఈదురుగాలి. పిల్లగాలి చెమట ఆర్పడానికే తప్ప పనికి రాదు. నా ఈడువాళ్ళలో కల్లం తొక్కినవాళ్ళకు ఇవి కొత్తవి కావు.

నేను చెప్పేది నైజాం రాజ్యంలో, మిల్ట్రీ రాకముందు చివరి యాసంగి సంగతి. నైజాం మీద తిరగబడ్డ సంగం వాళ్ళకు అన్నం పెట్టాడన్న పేరు పడి మా బాపు ఊళ్ళో ఉండడం మానేశాడు. ఆయన ఎక్కడున్నాడో అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ ముందటేడు లెవీ కింద సర్కారు ధాన్యం ఎంత తీసుకుపోయిందంటే, వానాకాలమంతా చింతగింజలు ఉడకబెట్టుకుని తిన్నాం. నా చిన్న చెల్లెలు ఆ ఏడే పోయింది. ఏ జబ్బు అని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పుకోలేదు.

అందుకే ఆ యాసంగిలో వడ్లు నూర్చి కుప్ప పోశాక మా అత్త తూర్పార పట్టనన్నది. తూర్పార పడితేనే కొలత, కొలిస్తేనే లెవీ. పట్టనని సర్కారుతో అనకూడదు గనుక, గాలి లేదన్నది. కుప్ప దగ్గర కావలికి సర్కారు వాళ్ళు ఊరి సాయెబు ఒకాయనను పెట్టారు. తరతరాలుగా మా ఊళ్ళోనే ఉన్న కుటుంబం వాళ్ళది. అత్తను చెల్లె అని పిలిచేవాడు కాబట్టి నేను పెదబాపు అనేదాన్ని. ఆయన వచ్చి తుమ్మచెట్టు కింద కర్ర అడ్డం పెట్టుకుని కూర్చుంటే, అత్త ఎదురుగా కూర్చుని వచ్చిన ప్రతి గాలికీ ఒక వంక పెట్టేది. పొద్దున వీచింది పిల్లగాలి, మధ్యాహ్నానిది ఉడుకుగాలి, సాయంత్రానిది సుడి. ఒకరోజు ఏ పేరూ తోచక అది మామూలు గాలి కాదని మాత్రం అంటే, పెదబాపు గడ్డం గోక్కుంటూ, గాలులన్నీ అయిపోయినట్టున్నాయి, రేపటికి కొన్ని దాచిపెట్టుకొమ్మని నవ్వాడు. అమ్మ అంబలి తెస్తే ముగ్గురూ ఆ నీడలోనే తాగేవారు.

ఆ సందులో నేను చేసే పని ఒకటుండేది. బర్రెకని గంపలో గడ్డి నింపుకుని ఇంటికి పోయేదాన్ని. గడ్డి కింద వడ్లుండేవి. రోజూ ఆయన కళ్ళ ముందే పోవాలి. ఒకసారి నా మెడ ఒక పక్కకు వాలిపోవడం చూసి పిలిచాడు.

“ఈ యేడు గడ్డి మస్తు బరువున్నట్టుంది బిడ్డా. మెడ పట్టుకుంటది. జర తక్కువ నింపుకోని పో.”

నేను గంపను రెండు చేతులా పట్టుకుని కదిలాను. ఆయన అప్పటికే చెరువు వైపు చూస్తున్నాడు.

లెవీ కొలిపించుకుపోయే గిర్దావరుకు చివరికి ఓపిక పోయింది. ఒక సాయంత్రం తానే కల్లానికి వచ్చాడు. అత్త ఖర్మ కొద్దీ సరిగ్గా ఆ వేళకే పడమటి నుంచి గాలి లేచింది. పొడిగా, నిలకడగా, ఏడాదికి కొన్నిసార్లే దొరికే గాలి. అంతటి గాలిని అత్త ఆ రోజు తిట్టుకుని ఉంటుంది. వడ్లు ఇంకా సగం కూడా ఇల్లు చేరలేదు. గిర్దావరు ఎగిరిపోతున్న టోపీని చేత్తో అదిమిపట్టుకుని, ఇది గాలి కాదా అని అడిగాడు. అత్త లేచి కొంగు నడుముకు దోపుకుంది. అబద్ధమని తేలితే కుప్ప మొత్తం పోతుంది, బాపు జాడ చెప్పమని అమ్మను చావడికి పిలుస్తారు. గిర్దావరు కావలివాడి వైపు తిరిగాడు. పెదబాపు లేచి నిలబడ్డాడు. అంగీ అంచు టపటపా కొట్టుకుంటుండగా, నిదానంగా చెప్పాడు.

“ఇది విసురు సాబ్. వస్తది, పోతది. ఇప్పుడు ఎగబోస్తె గింజ పోయి తాలుల పడ్తది. నష్టం సర్కారుకే.”

ఆ గాలి ఆయన చెబుతున్నంతసేపూ ఆగలేదు. గిర్దావరు నమ్మాడో, చీకటి పడకముందే పట్నం దారి పట్టాలనుకున్నాడో, రెండు రోజులు గడువిచ్చి బండెక్కాడు. ఆ రెండు రోజులూ నా గంప ఆగలేదు. మూడో రోజు అత్త మిగిలినదాన్ని తూర్పార పట్టి కొలిచి ఇచ్చింది. ఆ వానాకాలం మా ఇంట్లో చింతగింజలు ఉడకలేదు.

వానలు వెనకబడుతుండగా మిల్ట్రీ వచ్చింది. దాన్నే పోలీసు చర్య అంటారని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. బాపు ఇంటికి తిరిగొచ్చాడు. కానీ ఆ రోజుల్లోనే రజాకార్ల మీది కసితో పక్క ఊళ్ళలో సాయెబుల ఇళ్ళు తగలబెడుతున్నారని, ఎవరు ఎవరికి ఏం చేశారన్నది కూడా చూడడం లేదని కబురు వచ్చింది. ఒక మధ్యాహ్నం పెదబాపు తన భార్యతో, మేకలతో మా వాకిట్లోకి వచ్చాడు. పట్నం పోతున్నామని, మేకలను ఉంచుకొమ్మని అన్నాడు, అంతే. అత్త తలుపు తెరిచి అడ్డంగా నిలబడింది.

“మా వడ్ల అర్రల ఉండుండ్రి అన్నా. ఎవలన్న అడిగితె లేరని చెప్త.”

ఆయన కాస్త నవ్వాడు.

“చెల్లే, నీకు గాలి మీదనే అబద్ధమాడ వస్తది. మనిషి సంగతి అడిగితె నీ మొఖమే చెప్పేస్తది. నా కోసం నీ ఇల్లు కాలొద్దు.”

అత్త బతిమాలింది, బాపూ బతిమాలాడు. వాళ్ళు ఆగలేదు. బడంగ్‌పేట మీదుగా పట్నం చేరారని ఒకరు, మధ్యలో ఎవరికీ కనబడలేదని ఒకరు చెప్పారు. మా బాపు రెండుసార్లు పట్నం పోయి వెతికి ఒట్టి చేతులతో వచ్చాడు. మేకలు మాత్రం మా ఇంట్లో పిల్లలు పెట్టాయి. మరుసటి యాసంగికి కల్లం మీదికి వేరే కావలివాడు వచ్చాడు. అత్త అతనితో మాట కలపలేదు. గాలి రాగానే దాని పేరేమిటో అనకుండా పీట ఎక్కి చేట వంచింది.

ఇప్పుడు కోత మిషను పొలంలోనే గింజను వేరు చేసి ట్రాక్టరులో పోస్తోంది. గాలి ఎటు వీచినా వడ్లకు పని లేదు. నడుములు విరిగిన మా మాదిరి మనుషులకు అది సుఖమే, కాదనను. అయితే గాలి కోసం ఆగవలసిన రోజుల్లో, కావలి కాసే మనిషీ ఎవరి మీద కావలి పెట్టారో ఆ మనిషీ ఒకే చెట్టు కింద పొద్దంతా కూర్చోక తప్పేది కాదు. కూర్చుంటే మాట్లాడుకోకా తప్పేది కాదు. ఇప్పుడు పొలం గట్టు మీద అట్లా కూర్చునేవాళ్ళు లేరు. మళ్ళీ అటువంటి రోజులు రాకూడదనే కోరుకుంటాను గానీ, వస్తే ఎవరు ఎవరి వాకిలికి నమ్మకంగా మేకలు తోలుకుని వస్తారో నాకు తెలియడం లేదు.