టీచర్‌గారు బస్సులో విన్న వాక్యం

"మీ టీచర్‌గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా. రేపు పదింటికి భూస్థాపన. వీలుంటేనే రా."

శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేసి అంకుల్‌గారు చెప్పిన మాటలివి. గుడివాడలో నాకు హిందీ నేర్పిన టీచర్‌గారి భర్త ఆయన. 'వీలుంటేనే' అన్న మాట నాకు తగిలింది. వీలు లేదు, వీలు లేదంటూ రెండేళ్ళుగా ఆవిడకి ముఖం చాటేసింది నేనే.

చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు ముదినేపల్లి నుంచి ఆవిడ దగ్గరికి ట్యూషన్‌కి వెళ్ళేదాన్ని. ఆవిడ ఉద్యోగం బందరులో, ఆడపిల్లల హైస్కూల్లో. వారమంతా గుడివాడ నుంచి బస్సులో తిరిగే మనిషి, ఉన్న ఒక్క సెలవురోజూ చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, నడుం వాల్చకుండా మా కోసం వరండాలో చాప పరిచేవారు. హిందీలో 'కో' ఎక్కడ పెట్టాలో మాకు అంతుపట్టేది కాదు. వాక్యంలో కర్మ కనిపిస్తే చాలు తగిలించేసేవాళ్ళం. ఒకసారి నేను 'మైనే రోటీ కో ఖాయా' అని రాశాను. ఆవిడ నవ్వలేదు.

"ఇంట్లో అమ్మతో ఏమంటావు? అన్నాన్ని తిన్నానంటావా?"

"అన్నం తిన్నానంటానండి."

"మరి, తమ్ముడు చూశానంటావా?"

"తమ్ముణ్ణి చూశానంటానండి."

"అంతే. మనకి 'ని' ఎక్కడ తప్పదో, హిందీకి 'కో' ఇంచుమించు అక్కడే తప్పదు. రాదనుకుంటున్నావు గానీ నీకిది మాటలొచ్చినప్పట్నుంచీ వచ్చు."

ఇంగ్లీషు గురించి అడిగితే, "వాళ్ళ పేర్లకి ఈ గుర్తే లేదమ్మా. వాక్యంలో ఎవరి చోట్లో వాళ్ళు కూర్చోవాలి. మనం 'కుక్క మనిషిని కరిచింది' అన్నా, 'మనిషిని కుక్క కరిచింది' అన్నా కరిచింది కుక్కే," అన్నారు.

ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ ఒక నోటుపుస్తకం ఉండేది. బస్సులో పక్కవాళ్ళు మాట్లాడుకుంటుంటే 'ని' వచ్చిన వాక్యాలూ రాని వాక్యాలూ అందులో రాసుకునేవారు. అలా చాటుగా వినడం తప్పు కదండీ అంటే, "తప్పే. అందుకే పేర్లు రాయను," అనేవారు.

ఒకరోజు గుడ్లవల్లేరులో ఒక పెద్దావిడ మనవరాలితో బస్సెక్కిందట. "అల్లుడొచ్చాడని కోడి కోశాను," అని పక్కామెతో చెబుతోందట. ఒళ్ళో కూర్చున్న పిల్ల ఏడుపుగొంతుతో, "మా కోడిని కోసేసింది," అందట.

"కోడి ఒకటేనమ్మా. అమ్మమ్మకి అది కూర. పిల్లకి, తను గింజలేసి పెంచుకున్న కోడి. ఆ తేడా అంతా 'ని'లో ఉంది," అన్నారు టీచర్‌గారు. ఆ పూట ఇంక పాఠం సాగలేదు.

నేను భాషాశాస్త్రం చదవడానికి ఆ మధ్యాహ్నమే కారణం. హైదరాబాదులో లెక్చరర్నయ్యాక ఒక సెమినార్లో, ఏ భాష కర్మను ఎలా గుర్తిస్తుందో వివరిస్తూ పత్రం చదివాను. అందులో అందరికీ నచ్చింది ఆ కోడి కథ ఒక్కటే. "ఇంత మంచి ఉదాహరణ ఎక్కడ దొరికిందమ్మా?" అని ఒక పెద్దాయన అడిగారు.

"గుడివాడ–బందరు బస్సులో విన్నానండి," అన్నాను.

నోరుజారి అన్నానని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. అంతమంది పండితుల ముందు ట్యూషన్ టీచర్ పేరెత్తడం నామోషీ అనిపించింది. ఆ తర్వాత అదే వ్యాసంగా అచ్చైనప్పుడూ 'నేను స్వయంగా విన్నది' అనే రాశాను.

రెండేళ్ళ కిందట ఆ వ్యాసం ఉన్న పుస్తకం పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అప్పటికే చూపు మందగించి అక్షరాలు ఆనడం లేదు. "నువ్వే చదువమ్మా," అని కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. చదువుతూ చదువుతూ ఆ వాక్యం దగ్గరికి వచ్చాను. పేజీలో ఉన్నది వదిలేసి, "మా టీచర్‌గారు బస్సులో విన్నది," అని చదివాను.

ఆవిడ ముఖం విప్పారింది. "నన్నెందుకు వేశావే? ఆ పిల్లని వెయ్యాల్సింది," అన్నారు. వచ్చేటప్పుడు పుస్తకం ఉంచి వెళ్ళమన్నారు. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. ఆవిడ ఉండగా మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

శనివారం సమాధుల తోట నుంచి వచ్చాక, జనం పలచబడ్డాక, అంకుల్‌గారు నా పక్కన కూర్చున్నారు.

"నీ వ్యాసం ప్రతి ఆదివారం చదివించుకునేదమ్మా."

"ఎవరు చదివేవారండి?"

"నేనే. మొదటిసారి అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివేశాను. కోడి దగ్గర ఆపమంది. ఆ ముక్క మళ్ళీ చదవమంది. నువ్వెలా చదివావో నాకు చెప్పింది. తర్వాత, 'అమ్మాయి చదివినట్టే చదవండి' అంది. అప్పట్నుంచీ అలాగే చదివాను."

"కోపం వచ్చిందాండి?"

"ఏమోనమ్మా. నువ్వు రావట్లేదని మాత్రం అనేది."

తప్పు చేశానన్నాను. పర్లేదని ఆయన అనలేదు. "నాకు చెబితే ఏం లాభం తల్లీ," అన్నారు మెల్లగా.

అందుకే మీకు చెబుతున్నాను. ఆ వాక్యం విన్నది నేను కాదు, మా టీచర్‌గారు. వ్యాసం వేసినవాళ్ళకి ఉత్తరం రాశాను. సవరణ వేస్తామన్నారు. ఆవిడ బతికుండగా రాసినా ఆ ఉత్తరానికి పట్టేది పది నిమిషాలే.

ఆ శనివారం వద్దంటున్నా అంకుల్‌గారు బస్టాండుదాకా వచ్చారు. నేను ఎక్కి కూర్చున్నాక, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ వెతికారు. ఆయన ఆగిన కిటికీకి నేను రెండు సీట్లు వెనక ఉన్నాను. ఆ ముందు కిటికీలో ఎవరినో చూసి ఆయన నేననుకుని చెయ్యి ఊపడం మొదలుపెట్టారు. పిలుద్దామంటే నాకు నోరు రాలేదు. బస్సు మలుపు తిరిగేదాకా ఆయన ఆ కిటికీకే చెయ్యి ఊపుతూ నిలబడ్డారు.