పర్సో అంటే ఎల్లుండి కాదు

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సు బోర్డే, ఏ గది చూసినా పార్వతీపురం నుంచి వచ్చిన నాలాంటి నిరుద్యోగే. రేపో మాపో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చేస్తుంది, ఇక తీరికుండదు కదా అని (ఎంత ధీమా చూడండి), బోయిగూడలో ట్రావెల్స్ షాపు నడిపే టూర్ అన్న ఊటీకి వేస్తానన్న బస్సుకి అడ్వాన్సు కట్టేశాను. బస్సు నిండక ఆయన టూరు క్యాన్సిల్ చేశాడు. సరిగ్గా అప్పుడే నాకు ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. సర్టిఫికెట్లన్నీ ఉన్నాయి గానీ కాళ్ళకి హవాయి చెప్పులే. అడ్వాన్సు తిరిగొస్తేనే బూట్లు.

అడగ్గానే టూర్ అన్న కుర్చీ చూపించి, చాయ్ చెప్పి, "పరేషాన్ గాకు తమ్మీ, పర్సో ఇస్త" అన్నాడు. పర్సో అంటే హిందీలో ఎల్లుండి అని బడిలో మార్కులు పోగొట్టుకుని మరీ నేర్చుకున్నవాణ్ణి. ఆ ఎల్లుండి పొద్దున్నే మెట్టుగూడ నుంచి నడిచివెళ్ళి, షట్టర్ తీయకముందే నిలబడ్డాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఏందీ, గింత పొద్దుగాల?"

"ఎల్లుండి రమ్మన్నారు కదండీ."

"ఎల్లుండి అన్ననా? పర్సో అన్న" అని మళ్ళీ చాయ్ చెప్పాడు. ఈ ఊళ్ళో నిన్న కాని గతమంతా పర్సోయేనని, రేపు కాని భవిష్యత్తంతా పర్సోయేనని నాకెవరు చెప్పారు గనక? కోపం రావాల్సిందే, కానీ చాయ్ బాగుండేది. అలా ప్రతి పర్సోకీ వెళ్ళి కూర్చుని, ఆయన లేనప్పుడు ఫోన్లెత్తడం కూడా మొదలెట్టాను.

ఇంటర్వ్యూ ముందురోజుకి కూడా డబ్బు రాలేదు. బూట్ల మీద ఆశ వదులుకుని షాపులోనే కూర్చున్నాను. అన్న బయటికెళ్ళాడు. పద్మారావు నగర్ నుంచి ఒకావిడ తన అడ్వాన్సు కోసం వచ్చారు. నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది: "కూర్చోండమ్మా, చాయ్ చెప్తాను. పర్సో ఇచ్చేస్తారు."

గుమ్మంలో ఎవరో పగలబడి నవ్వారు, చూస్తే అన్న. "ఇగ నువ్వు మావోనివైనవ్ తమ్మీ. ఇంకో వారం ఉంచితే నా షాప్ సుత నువ్వే నడిపేటట్టున్నవ్" అంటూ గల్లా తెరిచి, ముందు ఆవిడకి, తర్వాత నాకు డబ్బిచ్చాడు. బూట్లు కొన్నాను. అవి కరిచాయి, ఉద్యోగం మాత్రం వచ్చింది.

షట్టర్ ముందు హవాయి చెప్పులతో నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తాడు. ఊటీ ఇప్పటికీ చూడలేదు. మా అమ్మాయి అడిగినప్పుడల్లా "పర్సో వెళ్దాంలే" అంటాను. అది మాత్రం ఎల్లుండికని బట్టలు సర్దుకోదు. ఇక్కడ పుట్టిన పిల్ల.