ఎండుమిరప పొగ

మహమ్మారి తగ్గిందని కళాశాలలు తెరిచిన రోజులవి. విజయనగరంలోని మా ప్రిన్సిపాలుకు ఫోన్ చేసి, జ్వరమని చెప్పి సెలవు అడిగాను. నిజానికి అది ఒట్టి బద్ధకం. ఆలస్యమైన విద్యార్థులను గుమ్మం బయటే నిలబెట్టే నాకు ఆ అబద్ధం మింగుడుపడలేదు.

జ్వరమన్న మాట విని మా అక్క దిష్టి తీసి, ఉప్పూ ఎండుమిరపకాయలూ నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టని ఆమె నమ్మకం.

అక్క ఉక్కిరిబిక్కిరిగా దగ్గుతూనే నవ్వింది. "ఘాటు సంపేస్తన్నాది! దిష్టీ నేదు, జొరమూ నేదు. దొంగేసాలు మాని కాలేజీకెల్లరా!"

సిగ్గుతో లేచి చొక్కా తొడుక్కొన్నాను. గదంతా పొగ కమ్మింది. అక్క కళ్లు ధారలు కడుతున్నాయి. నాకు మాత్రం దగ్గు రాలేదు, ఏ వాసనా తెలియలేదు.

నా నుదురు తాకబోయిన అక్కను దూరంగా నిలబడమన్నాను.