యాదమ్మక్క చప్పట్లు

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. కంటికి కనబడనిదేదీ నమ్మే రకం కాదు నేను. మా అక్క కాళ్లలో బలం పోయిందన్నా అలాగే నమ్మలేదు.

సాగర్ రోడ్డు పొడవునా పొలాలు ప్లాట్లవుతున్న రోజులవి. ఇబ్రహీంపట్నంలో ప్లాట్లు అమ్మించడం నా పని. యాదమ్మక్కకు అప్పటికే చర్మం గట్టిపడే జబ్బు, సిస్టమిక్ స్క్లెరోసిస్ ఉంది. వేళ్లు వంకరపోయి కొయ్యల్లా బిగిశాయి. బతుకమ్మ ఆటలో ఎంతమంది ఉన్నా ఆమె చప్పట్లు తెలిసిపోయేవి. చెక్క మీద చెక్క కొట్టినట్టు, పొడిగా.

తర్వాత కింద కూర్చుంటే లేవలేకపోయేది. అదీ ఆ పాత రోగమేనని అందరం తేల్చేశాం. ఒక పెళ్లి భోజనాల్లో బంతి అంతా లేచిపోయినా ఆమె లేవలేదు.

"హద్దు రాయి లెక్క పాతుకపోయినవేందక్కా, లే!" అన్నాను. అందరూ నవ్వారు.

"తొడలల్ల సత్తువ లేదు తమ్మీ. జర దవాఖానకు తోల్కపో."

"ఐతారం పోదాం తీ."

ఆదివారాలు ప్లాట్లు చూసేవాళ్లు వచ్చేవారు. కారులో వాళ్లనే తిప్పాను.

చివరికి హైదరాబాద్‌లో ఆమె తొడ నుంచి కండ ముక్క తీసి పరీక్షించారు. ఇది పాత జబ్బు కాదు, సార్కాయిడోసిస్ అనే ఇంకో జబ్బు కండల్లో చేరిందన్నారు. రెండూ ఒకే మనిషికి రావడం అరుదట. ఆలస్యం చేశారన్నారు.

సద్దుల బతుకమ్మ నాడు అక్క ఆసుపత్రి మంచం మీదే ఉంది. పండుగ ఆగొద్దని పట్టుబట్టి కూతురు లక్ష్మిని నాతో ఊరికి పంపింది. సాయంత్రం చెరువు కట్ట మీద, ఆటకు దూరంగా నిలబడ్డాను. అప్పుడు ఆ చప్పట్లు వినిపించాయి. ఒక్క చోట నుంచి కాదు. వలయం వెంట తిరుగుతూ, కిందికి వంగుతూ, మళ్లీ పైకి లేస్తూ.

లక్ష్మి ఆట వదిలి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మామా, అమ్మవే గదా?"

మర్నాడు ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. మేమేమీ చెప్పకముందే అక్క తొడలు రుద్దుకుంటూ, "నిన్న మస్తు ఆడిన తమ్మీ. కాళ్లు గుంజుతున్నయ్" అంది. మంచం దిగనే లేదని పక్కనే ఉన్న బావ తల అడ్డంగా ఊపాడు.

"గిదన్న నమ్ముతవా?" అంది అక్క.

"అవ్ అక్కా" అన్నాను.

ఆ చలికాలం ఆమె దాటలేదు. ఏటా కట్ట మీద నిలబడతాను. ఆ చప్పుడు మళ్లీ వినలేదు. అది ఏమిటో ఇప్పటికీ తెలియదు. బతుకమ్మ ఆడానన్న, ఏ అర్థమూ చెప్పలేని ఆ మాటను మాత్రం క్షణంలో నమ్మాను. తొడల్లో సత్తువ లేదన్న మాట నమ్మడానికి నాకు కండ కోసి చూపించాల్సి వచ్చింది.