నేను లేకుండా కోదాడ వెళ్లిన నా సీటు

మొన్న నా సీటు కోదాడ దాకా దర్జాగా వెళ్లింది. నేను వెళ్లలేదు! ముందే నవ్వకండి, ఛాయ్ తాగుతూ వినండి.

ఫిజిక్స్ టీచర్‌నన్న మాటే గానీ, తోటి టీచర్ల ముందు పాఠం చెప్పమంటే నాకు మహా భయం. డెమో క్లాసుని రెండుసార్లు జ్వరమని తప్పించుకున్నాను. మూడోసారి మా హెడ్మాస్టర్ ముందే అనేశారు. "మేడం, ఈసారి జ్వరమొస్తే గోలీ ఏసుకొని పోండ్రి. గిది గూడ తప్పితే ఇగ మీ పేరు పంప."

పాఠం తరంగాలు. కోదాడలో, పదకొండింటికి, ముప్పై మంది సైన్స్ టీచర్ల ముందు! వారమంతా అద్దం ముందు ప్రాక్టీసే. అల ముందుకు పోతుంది, నీళ్లు మాత్రం ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతాయి... నిద్రలేపి అడిగినా మా ఆయన అప్పజెప్పేస్తాడు.

పొద్దున్నే మిర్యాలగూడ బస్టాండ్. వాన అప్పుడే వెలిసింది. కోదాడ బస్సు వచ్చిందో లేదో జనం మూగారు. మన పద్ధతి తెలుసు కదా, డోర్ దగ్గర తోపులాట తేలేలోపు కిటికీలోంచి సీట్లో దస్తీ, అదే చేతిరుమాలు, వేసేయాలి. దస్తీ పడిందా, సీటు మనదే. నేనేమో దస్తీ ఇంట్లో మరిచాను. చేతిలో ఉన్నదల్లా బ్యాగు. అందులో నోట్స్, టిఫిన్, ఫోను, క్లాసులో అల చూపించడానికి కొన్న స్ప్రింగు. ముడిస్తే గాజుల కట్టంత, సాగదీస్తే గది పొడవంత! ఆలోచించకుండా మొత్తం బ్యాగే కిటికీలోంచి తోసేశాను.

"అమ్మా, అది నా సీటు, జర చూడండి!" అని పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడకి చెప్పాను.

"నువ్వు నిమ్మలంగ రా బిడ్డా," అంది.

నిమ్మళంగా రమ్మంది కదా! అక్కడే నా కొంప మునిగింది.

డోర్ వైపు తిరిగానా, షెడ్డు రేకు అంచు నుంచి రెండు చోట్ల చుక్కలు పడుతున్నాయి. కింద నీటి గుంట. ఒక్కో చుక్కకి ఒక్కో వలయం మెల్లగా పెరుగుతూ, రెండూ ఎదురెదురుగా వస్తున్నాయి. కొట్టుకుంటాయేమో అనుకుంటాం. ఏం లేదు! ఒకదాంట్లోంచి ఒకటి దూరి, ఏమీ జరగనట్టు ఎవరి దారిన అవి. కలిసిన చోట నీళ్లు క్షణం పాటు ఎత్తుగా లేస్తున్నాయి, ఆ పక్కనే కదలిక లేదు. మధ్యలో ఒక వేపాకు. అలలన్నీ దాని కిందుగా పోతున్నాయి, అదేమో ఊయలలో పాపలా ఉన్నచోటే ఊగుతోంది. ఎంత బాగుందో! హారన్లు లేవు, అరుపులు లేవు, నా భయం కూడా లేదు. క్లాసులో ఇదే చెప్పాలి, ఇంతే మెల్లగా చెప్పాలి అనుకుంటూ నిలబడిపోయాను.

ఎవరో నా చీర మీద బురద చిమ్మారు. ఎవరా అని తలెత్తితే బస్సు చక్రం. అయ్యో, నా బస్సే!

పరుగెత్తాను. చీర, బురద, వయసు, మూడూ సహకరించలేదు.

"ఏమైంది మేడం?" అన్నాడు ఛాయ్ బండి అతను.

"నా బ్యాగు బస్సెక్కింది!"

"మరి మీరు?"

"నేను... నీళ్లు చూస్తున్నా."

అతను ఇంకేమీ అడక్కుండా తన ఫోన్ చేతిలో పెట్టాడు. నా నంబరుకే నేను కొట్టాను. నాలుగోసారికి ఎత్తారు.

"హలో, ఎవ్వలు?" ఆ పెద్దావిడే. పేరు సోమమ్మట.

"అమ్మా, ఆ బ్యాగు నాదే!"

"నువ్వా బిడ్డా! ఏడున్నవ్, ఎన్క నిలబడ్డవా?"

"మిర్యాలగూడలోనే ఉన్నా!"

"సరే గని, నీ సీట్ల ఎవ్వల్ని కూసోనియ్యలే. కండక్టర్ జెప్పినా ఇనలే. నువ్వు రా!"

"నేనెలా వస్తానమ్మా? ఎవరినైనా కూర్చోనివ్వండి!"

"గట్లెట్ల? నీకు మాటిచ్చిన గద!"

తర్వాతి బస్సులో ఒంటికాలి మీద బయల్దేరాను. ముందు బస్సులో నా సీటు హాయిగా ఖాళీగా పోతోంది! నేరేడుచర్ల దగ్గర కిటికీ అవతల పచ్చటి పైరు గాలికి అలలు అలలుగా... ఒట్టు, చూడలేదు. కళ్లు మూసుకున్నాను.

కోదాడ చేరేసరికి పది నలభై. బస్టాండులో బల్ల మీద సోమమ్మ, ఒళ్లో నా బ్యాగు.

"ఫోన్ మోగుతుంటే దొరకలే బిడ్డా. చెయ్యి పెడితే గీ ఇనుప పాము ఎల్లొచ్చింది. ఒక కొస నా చేతిలనే ఉంది, ఇంకో కొస డ్రైవర్ ఎన్క సీటు దాంక జారింది. అందరు తలా ఒక చెయ్యేసి పట్టుకున్నరు."

స్ప్రింగు చూశాను. పిల్లి ఆడుకున్న ఊలు ఉండ! డెమో ఖతం. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడ్వకు. మస్తు తమాషా అయింది! ముందటామె ఒక్క గుంజు గుంజితే అల లెక్క ఎన్కదాంక వచ్చింది. అందరి చేతులల్లకెల్లి పోయింది గని, ఎవ్వల సీటు ఎవ్వలు ఇడ్వలే!"

నేను వారం పాటు బట్టీ పట్టింది ఇదే కదా!

పదకొండింటికి క్లాసులో చిక్కుపడ్డ స్ప్రింగుని టేబుల్ మీద పెట్టి, జరిగిందంతా జరిగినట్టే చెప్పాను. సోమమ్మ మాటని బోర్డు మీద రాశాను. అందరూ పగలబడి నవ్వారు. నేను భయపడాల్సిందని తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

"భలే చెప్పారండీ. ఈ ఉదాహరణ ఏ పుస్తకంలోదండీ?" అన్నారు కోదాడ హెడ్మాస్టర్.

"బస్సులోదండీ."

పొద్దున బస్టాండులో విడిపోయేటప్పుడు సోమమ్మ ఒక బుద్ధి చెప్పింది. "మళ్ల పోయేటప్పుడు ముందు నువ్వెక్కి కూసో బిడ్డా. బ్యాగు యాడికి పోదు." సాయంత్రం అక్షరాలా అదే చేశాను. దస్తీ లేదు, కిటికీ లేదు, మోచేతులతో తోసుకుంటూ అందరికంటే ముందు ఎక్కేశాను. కిటికీ సీటు! ఫోన్ చేతిలోనే! పొద్దున చూడని పైరంతా కళ్లారా చూసుకుంటూ, గాలితో పాటు తేలిపోతూ నేరేడుచర్ల దాకా వచ్చాను.

ఫోన్ మోగింది. కోదాడ హెడ్మాస్టర్ గారు.

"మేడం, మావాళ్లని బస్సెక్కిద్దామని వచ్చానండీ. ఇక్కడ బస్టాండులో బల్ల మీద బ్యాగుంది, లోపల చిక్కుపడ్డ స్ప్రింగు. మీదేనాండీ?"

సోమమ్మ చెప్పింది నిజమే. బ్యాగు ఎక్కడికీ పోలేదు.