మామగారు ఏరిన కుక్కలు

మా మామగారు మొన్న ఆదివారం పొద్దున రేపల్లెలో కన్నుమూశారు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా ఆయన కుక్కల గురించే మాట్లాడారు. నాకూ ముందు అవే గుర్తొస్తున్నాయి.

తొంభైల మొదట్లో మా చుట్టుపక్కల రొయ్యల చెరువులు తవ్వినప్పుడు కాపలాకు కుక్కలు కావలసి వచ్చాయి. మామగారు బాపట్ల వైపు ఇసుక దిబ్బల్లో కుందేళ్ళను తరిమే వేటకుక్కను తెచ్చారు. తెనాలిలో ఒక లాయరుగారి డాబర్‌మన్‌తో జత కట్టించారు.

"వేటకుక్కకి కాళ్ళుండాలి. కాపలా కుక్కకి అనుమానం ఉండాలి. రెండూ ఒకదాన్లో రావాలంటే ఎవడో ఒకడు కూర్చుని ఏరాలమ్మాయ్," అనేవారు.

ఏరడమంటే ఏమిటో నేను కాపురానికొచ్చిన ఏడాదే చూశాను. నలభై రోజుల కుక్కపిల్లల్ని చెరువు గట్టు మీద వదిలి, కొత్తమనిషి చేత పాలగిన్నె పెట్టించారు. తోక ఊపుకుంటూ పరిగెత్తిన నాలుగింటినీ గోతంలో వేసి మూతి కట్టారు.

"మామయ్యగారూ, ఒక్కదాన్ని నాకివ్వండి," అని ఏడ్చాను.

"ఇస్తే పెరుగుద్ది. పెరిగితే ఈనుద్ది. మళ్ళా తోకలూపేవే పుడతాయమ్మా," అన్నారు మెత్తగా. గోతాన్ని మురుగుకాలవలో ముంచి, కదలడం ఆగేదాకా పట్టుకున్నారు. గిన్నె దగ్గరికి రాకుండా పళ్ళు చూపించినదాన్ని ఒక్కదాన్నే ఉంచుకున్నారు.

ఆ సాయంత్రమే నా ఉద్యోగం ఊసెత్తారు. ఇంట్లో అందరూ వద్దంటుంటే, "తెనాలి బళ్ళో చేరమ్మా, నే చూసుకుంటా," అన్నారు. ఏళ్ళ తరబడి రోజూ స్కూటరు మీద నన్ను స్టేషనులో దింపారు. ఆ చేతులు ఏం చేశాయో తెలిసీ ఆయన వెనకాల కూర్చునేదాన్ని. ఆయన రుణం నేను తీర్చుకోలేను.

మూడు తరాలు అలాగే ఏరారు. చివరిది నల్లటి ఆడకుక్క. ఆయన తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోలేకపోయేవారు. కాపలామనిషి దూరం నుంచే కూడు విసిరేవాడు.

అప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో రెండు నెలలుండి, ఇంటికొచ్చిన రోజే చెరువుకు తీసుకెళ్ళమన్నారు. మూతి వంకరపోయింది, మాట ముద్దయింది, కాలు ఈడుస్తున్నారు, ఒంటినిండా మందుల వాసన. గేటు తీసి దాన్ని పేరు పెట్టి పిలిచారు. అది ఆయన్ను పోల్చుకోలేదు. ఎగిరొచ్చి మోకాలి కింద కండ పట్టి లాగింది. మా ఆయన కర్రతో బాది విడిపించారు.

నేను కాలికి టవలు చుడుతుంటే, మామగారు సగం మూతితో నవ్వుతున్నారు.

"కొట్టొద్దురా దాన్ని... బాగా కుదిరింది," అన్నారు.

మళ్ళీ ఆయన ఆ గేటు దాటలేదు. దాన్ని చంపనివ్వనూ లేదు. రోజూ కంచె బయట కుర్చీ వేయించుకుని కూర్చునేవారు. అది అవతల గట్టు మీద నిలబడి ఆయన మీదికి మొరిగేది. ఎప్పుడైనా అలిసిపోయి ఆగితే, ఆయన బాగున్న చేత్తో కంచె పట్టుకుని ఊపేవారు.