మంచం కింది మంచం

గుమ్నే పడుకునే మంచం రోగి మంచం కింద ఉంటుంది. పగలు లోపలికి తోస్తారు, రాత్రికి బయటికి లాగుతారు. సియోల్ పక్కన మా ఊరి పెద్దాసుపత్రిలో ప్రతి రోగికీ ఇలా ఒక ఆయా. గంజి పట్టేదీ, పక్క మార్చేదీ వాళ్లే. అయినా వాళ్లు ఆసుపత్రి మనుషుల కింద లెక్క కాదు, ఏజెన్సీలు పంపే కూలీలు. మెర్స్ అనే ఊపిరితిత్తుల అంటుజ్వరం వచ్చిన వేసవిలో నర్సులకు మాస్కులిచ్చారు. ఆయాలు అడిగితే "మీ ఏజెన్సీని అడగండి" అన్నారు.

ఇక చుట్టాలు. పళ్లరసం డబ్బాలతో పదిమందొచ్చి రోగి మొహంలో మొహం పెట్టి పలకరించకపోతే మా వాళ్లకు మర్యాద కాదు. జబ్బు పాకడానికి అంతకంటే ఏం కావాలి?

గుమ్నేకు అరవై దాటాయి, చక్కెర జబ్బుంది. ఆమె చూసుకునే సున్‌దొక్ అవ్వకు ఎనభై పైనే, గుండె బలహీనం. ముసలివాళ్లనూ, ఇలాంటి జబ్బులున్నవాళ్లనూ, ఆలస్యంగా డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్లనూ ఆ జ్వరం ఎక్కువగా తీసుకుపోతోంది. వయసును ఎవరూ ఆపలేరు. ఆలస్యాన్ని ఆపొచ్చు. అదెందుకవుతుందో మాత్రం ఎవరూ అడగరు.

ఒక పొద్దున యాంగ్ నర్సు అందరికీ జ్వరం చూస్తూ వచ్చింది. గుమ్నేకు ఏమీ లేదని తేలింది.

"నర్సమ్మా, ఉండు. ఈవిడ తెల్లారగట్ల జ్వరం మాత్ర మింగింది. రేకు చప్పుడు విన్నాను" అంది అవ్వ.

"అవ్వా! మీకు చెవుడన్నారుగా?" అంది నర్సు.

"అది కోడలు మాట్లాడేటప్పుడే."

గుమ్నే అవ్వ చేతులు పట్టుకుంది. "నా పొట్ట కొట్టకండవ్వా. నేను పడుకుంటే ఏజెన్సీవాళ్లు రేపే ఇంకోదాన్ని పంపుతారు."

"నువ్వే పోతే ఆ పొట్టకేం పెడతావే? నన్నూ వెంటేసుకుపోతావు. నేను మనవడి పెళ్లి చూడాలి. ఆ పిల్ల నాకు నచ్చలేదనుకో, అయినా చూడాలి."

ఆ పూటే గుమ్నేను వేరే గదికి మార్చారు. పరీక్షలో మెర్స్ అని తేలింది. ఊపిరి పూర్తిగా అందకుండా పోకముందే ఆక్సిజన్ పెట్టారు, చక్కెర అదుపులో ఉంచారు. బతికింది. అవ్వను విడిగా ఉంచి చూశారు, ఆమెకు అంటలేదు. పక్క వార్డులో ఇంకో ఆయా, గుమ్నే వయసే, చక్కెర జబ్బు కూడా ఉంది, కూలి పోతుందని దగ్గును దిగమింగుకుంటూ వారమంతా పనిచేసింది. ఆమె తిరిగి రాలేదు. ఆమె చావులో ఆ భయానికీ వాటా ఉందని నేనంటాను.

కోలుకుని వచ్చిన గుమ్నే తన మంచాన్ని ఈడ్చుకెళ్లి ఆసుపత్రి గుమ్మం ముందు వేసుకుని, మాస్కులూ జబ్బు రోజుల కూలీ ఇవ్వాలని కూర్చుంది. ఆయాసపడుతూనే. మిగతా ఆయాలూ తమ మంచాలు తెచ్చారు. అవ్వ చక్రాల కుర్చీలో వచ్చి, "నా పక్క మార్చేవాళ్లు లేరు, తొందరగా తేల్చండయ్యా" అని ఆసుపత్రి పెద్దల మీద అరిచింది. మాస్కులు వెంటనే వచ్చాయి. జబ్బు పడ్డ రోజులకు కూలి ఇవ్వడానికి చలికాలానికి ఒప్పుకున్నారు.

మొన్న మంచు పడ్డ పొద్దున గుమ్నేకు మళ్లీ దగ్గొచ్చింది. మాత్ర జోలికి పోలేదు. మాస్కు పెట్టుకుని, అవ్వ తల పక్కనున్న, నర్సును పిలిచే గంట తనే నొక్కింది.

"ఇవాళ నా చెవులకు పనే లేకుండా చేశావే" అంది అవ్వ.